చుట్లు కావు, నిలకడ ముఖ్యం
(పరుగుపందెపు కారు ఇంజను గూర్చి ఒక పాఠం)

పరుగుపందెపు కారు అనగానే మన కుర్రకారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "గురూ, ఇంజను ఎంత తిరుగుతుంది?" నిమిషానికి పదివేల చుట్లు అంటే కళ్లు మెరుస్తాయి. ఆరువేలు అంటే పెదవి విరుస్తారు. "ఎంతసేపు తిరుగుతుంది?" అని అడిగేవాడు నూటికి ఒక్కడు. ఇంజను కట్టేవాడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న మాత్రం అదే. ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న చుట్టరికాన్ని చేతనైనంత తేలిక మాటల్లో, లెక్కలతో సహా చెప్పాలని ఈ వ్యాసం.

ఇది రాయడానికి కారణం ఉంది. మెకానికల్ విభాగం మిత్రులం కొందరం ఈ ఏడు ఒక పాత మారుతి 800 ఇంజనును వర్కుషాపులో విప్పి, కొలిచి, లెక్కలు కట్టాము. వచ్చే ఏడు దానిని సింగిల్ సీటరు బండిలో బిగించి ట్రాకు మీద తిప్పాలని తమ్ముళ్ల పట్టుదల. చేతిలో ఉన్న డబ్బు తక్కువ. ఆ డబ్బు కామ్ షాఫ్టుకూ కార్బొరేటరుకూ పెట్టాలా, లేక బోల్టులకూ బేరింగులకూ పెట్టాలా అన్న తగవు హాస్టలు గదుల్లో ఇంకా తెగలేదు. రేపు ఆ సీట్లో కూర్చునేది మనలోనే ఒకడు. కనుక ఇది సరదా తగవు కాదు.

ఇంకొక మాట. మాది అరకు లోయ. అందువల్ల ఈ పాఠంలో ఘాటు రోడ్డు మాటిమాటికీ వస్తుంది. ఇంజను మంచిచెడ్డలు నేర్పడానికి ఘాటు కన్న మంచి బడి లేదని నా నమ్మకం.

1. మనవాళ్లు నడిచిన దారి

మన దేశంలో ట్రాకు పందేలకు పేరు తెచ్చిన చోటు మద్రాసు దగ్గరి షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు అక్కడ ఏళ్ల తరబడి పందేలు నడిపింది. తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అచ్చంగా పందేల కోసమే ట్రాకు కట్టుకున్నారు. షోలవరం రోజుల్లో చాలామంది పందెంగాళ్లకు దొరికినవి మన రోడ్ల మీద తిరిగే ఫియట్, అంబాసిడర్, హెరాల్డు ఇంజనులే. వాటినే విప్పి, గీకి, తేలిక చేసి, బిగించి పరుగెత్తించారు.

ఈ విద్యలో చెప్పుకోదగ్గవాడు ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిలో లక్ష్మీ మిల్స్ కుటుంబం ఒకటి. ఆయన ఆ కుటుంబం వాడు. స్వయంగా పందెగాడు, స్వయంగా బండి కట్టేవాడు. 1988లో ఆయన ఫార్ములా మారుతి అనే సింగిల్ సీటరు బండ్లను తయారుచేశాడు. ఇందులో గమనించవలసినది ఆయన ఎంచుకున్న ఇంజను. విదేశాల నుంచి గొప్ప ఇంజను తెప్పించలేదు. దేశంలో ఏ ఊళ్లోనైనా విడిభాగాలు దొరికే, ఏ మెకానిక్కుకైనా తెలిసిన మారుతి 800 ఇంజనును తీసుకున్నాడు. చెడితే బాగుచేసుకోగలిగిన ఇంజనుతోనే పందెం నిలుస్తుందని ఆ ఎంపికను బట్టి నాకు అర్థమైంది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. 2003లో కోయంబత్తూరులో తెరిచిన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదనే ఉంది.

ఆ ఫార్ములా మారుతిలోనే మొదటి పందెం నడిపిన కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరపున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. అతని వెనుక ఉన్నది టయోటా వారి పది సిలిండర్ల ఇంజను. ఆ సంవత్సరపు నియమం ప్రకారం ఒక్కొక్క ఇంజను రెండు పందేల వారాంతాలు నిలవాలి. అంటే ప్రపంచంలో అందరి కన్న వేగంగా ఇంజనులు తిప్పేవారిని కూడా "ఎంతసేపు?" అనే ప్రశ్న వదలలేదు.

2. అసలు చుట్లు ఎందుకు పెంచాలి?

ఇంజను బలం మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. సిలిండరులో మండిన వాయువు పిస్టనును ఎంత ఒత్తిడితో నెడుతుంది, సిలిండర్ల ఘనపరిమాణం ఎంత, నిమిషానికి ఎన్నిసార్లు నెడుతుంది. పందెం నియమాల్లో ఘనపరిమాణం కట్టడి అయిపోతుంది. ఒత్తిడిని కొంత పెంచవచ్చు గాని పెట్రోలు గుణం అడ్డం వస్తుంది. ఇక మిగిలినది మూడోది. ఎక్కువసార్లు నెట్టించడం, అనగా చుట్లు పెంచడం.

మారుతి 800 సంగతి చూద్దాం. మూడు సిలిండర్లు, బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72 మిల్లీమీటర్లు, మొత్తం 796 సి.సి. కార్బొరేటరు కాలపు ఇంజను 5,500 చుట్ల దగ్గర సుమారు 38 గుర్రాల బలం ఇస్తుందనుకుందాం. అదే ఒత్తిడి 8,000 చుట్ల దాకా నిలిపితే లెక్క ప్రకారం 55 గుర్రాలు రావాలి. ఒక్క సి.సి. పెంచకుండా 17 గుర్రాలు అదనం! ఆశ ఎవరికి ఉండదు?

అయితే ఒత్తిడి అలా నిలవదు. చుట్లు పెరిగే కొద్దీ సిలిండరు గాలి పీల్చుకునే వ్యవధి తగ్గిపోతుంది, లోపలి రాపిడి పెరుగుతుంది. పెద్ద కామ్, నున్నగా సరిచేసిన పోర్టులు, తగిన పొడవు గల పొగగొట్టాలు ఊపిరి సంగతి చూసుకుంటాయి. వీటి గురించి పుస్తకాలు బోలెడు. మనవాళ్ల దృష్టి అంతా వీటి మీదనే ఉంటుంది. నేను రాయదలచినది ఆ పెరిగిన చుట్లను మోసే భాగాల గురించి.

3. వర్గం చేసే అన్యాయం

పిస్టను పైకి వెళ్లి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్లీ పైకి వెళుతుంది. ప్రతి ఆగుడు దగ్గరా దాన్ని పట్టి వెనక్కి లాగవలసినది కనెక్టింగ్ రాడ్డు. ఆ లాగుడు బలం చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చుట్లు రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఈ వ్యాసంలో సగం గుర్తున్నట్టే.

అంకెలు వేసి చూద్దాం. పిస్టను, రింగులు, పిన్ను, రాడ్డు పైభాగం అన్నీ కలిపి 350 గ్రాములనుకుందాం. రాడ్డు పొడవు క్రాంకు వ్యాసార్థానికి మూడుంబావు రెట్లు అనుకుందాం. 6,000 చుట్ల దగ్గర, పిస్టను పై కొసన ఉన్నప్పుడు, ఆ 350 గ్రాముల వస్తువు రాడ్డును లాగే బలం సుమారు 660 కిలోలు. మారుతి 800 కారు మొత్తం బరువు దాదాపు అంతే. అనగా ప్రతి రాడ్డుకూ ఒక్కో మారుతి కారు వేలాడుతున్నట్టు! ఇక 9,000 చుట్లు తిప్పితే అది సుమారు 1,480 కిలోలు అవుతుంది. ఒక కారు పోయి రెండు కార్లకు పైగా వేలాడతాయి. రాడ్డు కింది భాగపు బరువు ఇంకా దీనికి కలపలేదు.

ఈ బలాన్ని చివరకు మోసేవి రాడ్డు కింది మూతను పట్టుకున్న రెండు చిన్న బోల్టులు. గంటసేపు 8,000 చుట్ల మీద నడిస్తే క్రాంకు 4,80,000 సార్లు తిరుగుతుంది. ఆ లాగుడు పూర్తిగా పడేది రెండు చుట్లకు ఒకసారి. అయినా 2,40,000 సార్లు. ఇనుప తీగను ఒక్కసారి వంచితే తెగదు. వంచి వంచి విడిస్తే తెగుతుంది కదా. దానినే లోహపు అలసట అంటారు. ఇంజను చెడేది ఎక్కువగా ఒక్క దెబ్బకు కాదు, ఇలా అలసిపోయే.

రాడ్డు తెగితే ఏమవుతుంది? విరిగిన ముక్క బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. వేడి ఆయిలు సొంత వెనుక చక్రాల మీదనే పడుతుంది. మూల మలుపులో ఉన్న బండికి ఇక పట్టు ఉండదు. వేడి పొగగొట్టం మీద పడిన ఆయిలు అంటుకోవచ్చు కూడా. అందుకే రాడ్డు బోల్టు అంటే డ్రైవరు ప్రాణంతో ముడిపడిన వస్తువు.

4. పిస్టను వేగం చెప్పే మరో కథ

చుట్ల అంకె ఒక్కటీ చూసి ఇంజను కష్టాన్ని అంచనా వేయకూడదు. స్ట్రోకు పొడవు కూడా చూడాలి. స్ట్రోకును రెండుతో, చుట్లతో గుణించి అరవైతో భాగిస్తే పిస్టను సగటు వేగం వస్తుంది.

అంబాసిడరు పాత 1,489 సి.సి. ఇంజను స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. దాన్ని 8,000 చుట్లు తిప్పితే పిస్టను సగటు వేగం సెకనుకు 23.7 మీటర్లు. ఫార్ములా వన్‌లో 2006 నుంచి 2013 దాకా నడిచిన 2.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను స్ట్రోకు సుమారు 39.8 మిల్లీమీటర్లు. అది 18,000 చుట్లు తిరిగినప్పుడు పిస్టను వేగం 23.9 మీటర్లు. రెండూ ఒకటే! అంబాసిడరును 8,000 తిప్పాలనుకునేవాడు పిస్టను వేగంలో ఫార్ములా వన్‌తో సరితూగాలనుకుంటున్నాడన్నమాట. వేగం ఒకటే అయినా త్వరణం మాత్రం ఆ పందెపు ఇంజనులో రెండింతలు. దాన్ని తట్టుకోవడానికే వాళ్లు పిస్టనును పొట్టిగా, వీలైనంత తేలికగా చేస్తారు.

మన మారుతి ఇంజనుకు ఇదే లెక్క 7,500 చుట్ల దగ్గర 18 మీటర్లు, 9,000 దగ్గర 21.6 మీటర్లు. రోడ్డు బండి కోసం పోతపోసిన పిస్టనూ రాడ్డూ పెట్టుకుని 20 మీటర్లు దాటడం తెగింపే తప్ప ఇంజనీరింగు కాదు.

5. ఘాటు దిగేటప్పుడు ఇంజనుకు ఏమవుతుంది?

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరికీ తెలిసిన సూత్రం ఒకటి ఉంది: ఎక్కిన గేరులోనే దిగాలి. బ్రేకులు వేడెక్కి చేతులెత్తేయకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. సూత్రం మంచిదే. కాని ఆ సమయంలో ఇంజను లోపల జరిగేది తెలుసుకుంటే పందెపు ఇంజను గుట్టు సగం తెలిసినట్టే.

ఎక్కేటప్పుడు ఇంజను చక్రాలను తిప్పుతుంది. దిగేటప్పుడు చక్రాలు ఇంజనును తిప్పుతాయి. యాక్సిలరేటరు మీద కాలు ఉన్నా లేకపోయినా చుట్లు నిర్ణయించేది వాలు, గేరు మాత్రమే. మూడో గేరులో ఉండవలసిన బండిని మొదటి గేరులోకి తోస్తే ఇంజను తన హద్దు దాటి తిరిగి తీరుతుంది. చుట్లు హద్దు దాటకుండా ఆపే ఎలక్ట్రానిక్ కట్టడి ఇక్కడ పనిచేయదు. అది నిప్పురవ్వనో పెట్రోలునో ఆపగలదు గాని కొండవాలును ఆపలేదు కదా!

ట్రాకు మీద కొండలు లేవు. కాని మలుపు ముందు బ్రేకు వేస్తూ గేరు దించే ప్రతిసారీ ఇదే జరుగుతుంది. నాలుగో గేరులో 6,500 మీద వస్తున్నవాడు తొందరపడి మూడుకు దించితే, గేర్ల నిష్పత్తి 1.4 అనుకుంటే, ఇంజను 9,100కు ఎగురుతుంది. మీటరు ముల్లు చూసే వ్యవధి కూడా ఉండదు.

ఇంకొక సూక్ష్మం ఉంది. పిస్టను పైకొసకు రెండు సందర్భాల్లో చేరుతుంది. ఒకసారి పైన బిగిసిన వాయువు ఉంటుంది. అది పిస్టనును కిందికి అదిమి రాడ్డు మీది లాగుడును కొంత తగ్గిస్తుంది. రెండోసారి, పొగ పోయే స్ట్రోకు చివర, పైన ఏమీ ఉండదు. లాగుడు మొత్తం బోల్టుల మీదనే. యాక్సిలరేటరు మూసేస్తే మొదటి సందర్భంలోని మెత్త కూడా చాలావరకు పోతుంది. అందువల్ల చుట్లు బాగా ఎక్కి ఉన్నప్పుడు కాలు ఎత్తడం, నొక్కి ఉంచడం కన్న రాడ్డు బోల్టులకు కష్టం. "ఎక్కేటప్పుడు బాగానే ఉంది, దిగేటప్పుడు పోయింది" అని ఎవరైనా అంటే నవ్వకండి. అందులో శాస్త్రం ఉంది.

6. వాల్వులు

వాల్వును తెరిచేది కామ్, మూసేది స్ప్రింగు. కామ్ క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది. 8,000 చుట్ల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 67 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఒక హద్దు దాటాక స్ప్రింగు కామ్‌ను వెంబడించలేదు. వాల్వు గాలిలో తేలిపోతుంది. ఈలోగా పైకి వచ్చిన పిస్టను దానికి తగిలిందో, వాల్వు వంగుతుంది, లేదా తల ఊడి సిలిండరులో పడుతుంది. అక్కడితో ఇంజను కథ ముగిసింది.

దీనికి అందరికీ తోచే ఉపాయం గట్టి స్ప్రింగు. కాని స్ప్రింగు గట్టిదైన కొద్దీ కామ్ అరుగుతుంది, రాపిడి పెరుగుతుంది. దానికన్న మంచి ఉపాయం కదిలే భాగాల బరువు తగ్గించడం. వాల్వు, స్ప్రింగు మీది బిళ్ల, రాకరు కొస వీటిలో ప్రతి గ్రామూ లెక్కే. స్ప్రింగుకు తన సొంత ఊగుడు కూడా ఉంటుంది. ఒకదానిలో ఒకటి ఒరుసుకునే జంట స్ప్రింగులు ఆ ఊగుడును అణచివేస్తాయి. ఈ చిక్కు ఉక్కు స్ప్రింగుతో తీరదని 1986లో రెనో ఇంజనీర్లు ఫార్ములా వన్‌లో స్ప్రింగు బదులు బిగించిన గాలిని వాడారు. తరువాతి ఇరవై ఏళ్లలో చుట్లు 20,000 దాకా పోవడానికి దారి తీసింది ఆ గాలి స్ప్రింగే.

మన స్థాయిలో తప్పక చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. పిస్టను తల మీద మెత్తటి బంకమన్ను పలచగా పరిచి, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు నిదానంగా తిప్పి విప్పండి. మన్ను మీద వాల్వు గుర్తు పడుతుంది. దాన్ని కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు వైపు రెండున్నర మిల్లీమీటర్లు ఎడం ఉంటే ధైర్యంగా ఉండవచ్చు. దీనికి ఖర్చు గుప్పెడు మన్ను.

7. ఆయిలు

క్రాంకుకూ షెల్ బేరింగుకూ మధ్య ఉండే ఎడం షాఫ్టు వ్యాసంలో వెయ్యోవంతు. 40 మిల్లీమీటర్ల షాఫ్టుకు 0.04 మిల్లీమీటరు. తల వెంట్రుక కన్న సన్నం. ఆ సందులో నిలిచిన ఆయిలు పొర మీదనే ఇందాక చెప్పిన కార్లన్నీ వేలాడుతున్నాయి. ఆ పొర ఒక్క క్షణం తెగితే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది, బేరింగు పోతుంది, రాడ్డు కొట్టడం మొదలవుతుంది.

రోడ్డు మీద తిరిగే బండికి రాని చిక్కు ఒకటి పందెంలో వస్తుంది. బండి బరువుతో సమానమైన పక్కబలం వచ్చేంత గట్టిగా మలుపు తిరిగితే ఆయిలు చాంబరులో ఆయిలు మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. పీల్చే గొట్టం గాలిలో తేలుతుంది. పంపు ఆయిలు బదులు గాలి పంపుతుంది. పొడుగాటి మలుపులో మూడు సెకన్లు చాలు.

కనుక చాంబరులో అడ్డుగోడలు పెట్టి, ఆయిలు లోపలికి వచ్చి బయటికి పోకుండా చిన్న తలుపులు అమర్చాలి. క్రాంకు కింద ఒక రేకు పెడితే తిరిగే క్రాంకు ఆయిలును నురగ చిలకకుండా ఉంటుంది. డబ్బున్నవాళ్లు ఆయిలును వేరే టాంకులో ఉంచే పద్ధతి పెట్టుకుంటారు. ఒత్తిడి విషయంలో గ్యారేజీల వాడుక లెక్క ఒకటి ఉంది: ప్రతి 1,000 చుట్లకు 10 పౌండ్లు. మీటరు ముల్లు మలుపులో ఒక్కసారి వణికినా ఆ రోజుకు బండి ఆపి కారణం వెతకవలసిందే.

8. క్రాంకు, తూకం

మూడు సిలిండర్ల ఇంజనులో ఒక సుగుణం ఉంది. పైకీ కిందికీ ఊపే బలాలు మూడూ ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. కాని ముందు సిలిండరు పైకి లాగేటప్పుడు వెనుక సిలిండరు కిందికి లాగడం వల్ల, ఇంజను ముందు వెనుకలకు తూగుటుయ్యాలలా ఊగాలని చూస్తుంది. దీన్ని క్రాంకు మీది ఎదురు బరువులతో, మెత్తటి మౌంటింగులతో సర్దుకోవాలి. పందెపు బండిలో మౌంటింగులు గట్టివి పెడతారు గనుక ఆ ఊపు బండి చట్రానికి ఎక్కుతుంది. పైపులు, బ్రాకెట్లు పగిలేది అందుకే.

మూడు పిస్టన్లూ, మూడు రాడ్లూ ఒకే బరువు ఉండాలి. ఒక గ్రాము తేడా కూడా ఉండకుండా, బంగారం తూచే త్రాసు మీద పెట్టి, బరువైన దానిని రాపి సమం చేయాలి. రాడ్డు రెండు కొసలూ విడివిడిగా తూచాలి. క్రాంకు జర్నలు పక్కకు తిరిగే మూల గుండ్రంగా, నునుపుగా ఉండాలి. అక్కడ గోరంత గీత ఉన్నా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

పగులు పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు లేనివారికి పాత పద్ధతి ఉంది. భాగాన్ని శుభ్రంగా కడిగి, కిరోసినులో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. కంటికి కనిపించని పగులు లోపల దాగిన కిరోసిను ఊరి, తెల్లటి సుద్ద మీద తడి గీతగా బయటపడుతుంది. మా వర్కుషాపులో ఈ పరీక్షకే మొదటి పూట కేటాయించాము.

బోల్టు బిగింపు గురించి ఒక మాట. బోల్టుకు ముందే పెట్టిన బిగువు, దాని మీద పడబోయే లాగుడు కన్న ఎక్కువ ఉండాలి. అప్పుడు ప్రతి చుట్టుకూ బోల్టు సాగి ముడుచుకోవడం దాదాపు ఉండదు, అలసట రాదు. బిగువు తక్కువైతే రాడ్డు మూత ప్రతిసారీ వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. అంతే, రోజులు లెక్కపెట్టుకోవచ్చు. రెంచి మీటరు చూపే అంకె మర రాపిడిని బట్టి మారిపోతుంది. బోల్టు ఎంత సాగిందో మైక్రోమీటరుతో కొలవడమే సరైన మార్గం. పాత బోల్టును మళ్లీ వాడడం మాత్రం వద్దు.

9. కొండ గాలి, సముద్రపు గాలి

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. రైలు మార్గంలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తున గాలి సాంద్రత విశాఖలో కన్న 8, 9 శాతం తక్కువ. ఇంజను బలం దాదాపు అంత శాతం తగ్గుతుంది. చలికాలపు చల్లటి గాలి అందులో కొంత తిరిగి ఇస్తుంది. నీరు 100 డిగ్రీల బదులు 97 దగ్గరే మరుగుతుంది. రేడియేటరు మూత ఒత్తిడిని సరిగా నిలిపితే నీరు 110 దాటినా మరగదు. అంటే ఆ చవకబారు మూత కూడా ఇంజనులో ఒక ముఖ్యభాగమే.

కార్బొరేటరుకు గాలి పలచబడిన సంగతి పూర్తిగా తెలియదు. అది పెట్రోలును అంతగా తగ్గించదు. అరకు చేరేసరికి మిశ్రమం 4, 5 శాతం చిక్కబడుతుంది. బండి కాస్త మొద్దుబారుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ప్రమాదం లేదు. ఎదురు దిశలోనే ఉంది ప్రమాదం. కొండ మీద చిన్న జెట్టు పెట్టి చక్కగా కుదిర్చిన ఇంజనును అలాగే కిందికి దింపి, చెన్నై ఎండలో, పూర్తి యాక్సిలరేటరు మీద నడిపామనుకోండి. చిక్కటి గాలికి పెట్రోలు చాలదు. మిశ్రమం పలచనై మంట వేడెక్కుతుంది, నాకింగు మొదలవుతుంది. హెల్మెట్టులో, పొగగొట్టం హోరులో ఆ చప్పుడు డ్రైవరుకు వినపడదు. ప్లగ్గు పింగాణీ మీద మెరిసే సన్నటి అల్యూమినియం చుక్కలే దాని మొదటి సాక్ష్యం. ఆ చుక్కలు పిస్టను కరిగి వచ్చినవి. ఇంజనును ఎక్కడ పరుగెత్తిస్తామో అక్కడి గాలికే కుదర్చాలి.

10. ఏది ముందు, ఏది వెనుక?

ఇక మన తగవుకు వద్దాం. డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు నేను సూచించే వరస ఇది. మొదట పగుళ్ల పరీక్ష, కొలతలు. రెండవది కొత్త రాడ్డు బోల్టులు, కొత్త షెల్ బేరింగులు. మూడవది ఆయిలు చాంబరు, ఆయిలు మీటరు. నాలుగవది వాల్వు స్ప్రింగులు, ఎడం పరీక్ష. ఐదవది తూకం. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే కామ్, కార్బొరేటరు. మిగలకపోతే పాత కామ్‌తోనే పందెం.

చుట్ల హద్దు 7,500 దగ్గర పెడదామని నా వాదన. 9,000 అనే మిత్రులకు నా జవాబు ఒక లెక్క. 7,500 నుంచి 9,000కు పోతే చుట్లు పెరిగేది 20 శాతం. బోల్టుల మీద లాగుడు పెరిగేది 44 శాతం. ఊపిరి చాలక బలం ఆ 20 శాతం కూడా పెరగదు. ఇంత నష్టపు బేరం సంతలో ఎవరైనా చేస్తారా? పైగా ఆ హద్దు కింద మిగిలిన జాగా ఊరికే పోదు. తప్పు గేరు పడిన రోజున డ్రైవరును కాపాడేది అదే.

ఇంజను కట్టాక నేరుగా పందేనికి పోకూడదు. మొదట తక్కువ చుట్ల మీద, భారం మారుస్తూ నడిపి రింగులు కూర్చోనివ్వాలి. ఆయిలు మార్చి, ఫిల్టరు కోసి అందులో లోహపు రజను ఉందేమో చూడాలి. తరువాత మెల్లగా హద్దు దాకా పోవాలి. ఇంజను ఎన్ని గంటలు, ఎన్ని చుట్ల మీద నడిచిందో ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఇన్ని గంటలకు బోల్టులు, ఇన్ని గంటలకు స్ప్రింగులు మార్చాలని ముందే నిర్ణయించుకుని, బాగున్నా సరే మార్చేయాలి. ఆ నోటు పుస్తకం ఒక తరగతి నుంచి తరువాతి తరగతి చేతికి అందాలి.

కొందరు మిత్రులు అంటారు, ఇక పిస్టన్ల కాలం అయిపోయింది కదా అని. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఇ పందెం జరిగిన మాట నిజమే. ఆ కార్లలో పిస్టను లేదు, వాల్వు లేదు. కాని తిరిగే రోటరు ఉంది. దాన్ని బయటికి చీల్చే బలం కూడా చుట్ల వర్గాన్ని బట్టే పెరుగుతుంది. బండి మారినా వర్గం మారదు.

చివరిగా ఒక సంగతి. ఈ పాఠం పందెగాళ్ల కోసమే అనుకోవద్దు. మా ఏజెన్సీ కొండల్లో కిక్కిరిసిన జనంతో సంతకు వెళ్లే జీపుకూ, రోగిని పాడేరు ఆసుపత్రికి దింపే జీపుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అక్కడా ఒక రాడ్డు బోల్టు, ఒక ఆయిలు పొర, ఒక తప్పు గేరు మనుషుల ప్రాణాలను పట్టుకుని ఉంటాయి. మన చదువు పూర్తయ్యాక మనలో చాలామంది పందెపు కార్లు కట్టకపోవచ్చు. కాని ఎవరో ఒకరు ఎక్కే యంత్రాన్ని కట్టడమో, బాగుచేయడమో తప్పదు. కనుక తమ్ముళ్లూ, "ఎంత తిరుగుతుంది?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే సంతోషంగా చెప్పండి. "ఎంతసేపు?" అన్న ప్రశ్నకు జవాబు మీ నోటు పుస్తకంలో ఉన్నదో లేదో చూసుకున్నాకే బండికి తాళం వేయండి.